వెల్లుల్లి ఎప్పుడు తవ్వాలి? ఆకుల లెక్కతో తెలుసుకోండి

పెరట్లోనో కుండీల్లోనో వెల్లుల్లి వేసినవాళ్లు పంట చివరికొచ్చేసరికి అడిగే ప్రశ్న ఒక్కటే: "కింది ఆకులు ఎండుతున్నాయి. ఇప్పుడే తవ్వెయ్యాలా, ఇంకొన్నాళ్లు ఉంచాలా?" టమాటా పండిందో లేదో రంగే చెబుతుంది. బెండకాయ కొస విరిచి చూస్తే ముదిరిందీ లేనిదీ తెలిసిపోతుంది. వెల్లుల్లి గడ్డ మట్టిలో ఉంటుంది కాబట్టి పైనున్న ఆకుల్ని బట్టి లోపలి సంగతి పట్టుకోవాలి. పద్ధతి తెలిస్తే మొక్కకి రెండు నిమిషాల పని.

తొందరపడి తవ్వితే గడ్డ చిన్నగా ఉంటుంది, పొట్టు తడిగా మందంగా ఉంటుంది, దాచుకుంటే ముడుచుకుపోతుంది. ఆలస్యం చేస్తే పైపొరలు మట్టిలోనే కుళ్ళిపోయి రెబ్బలు విచ్చుకుంటాయి, నిల్వలో త్వరగా మొలకలొస్తాయి. రెండు తప్పుల్లో ఆలస్యమే ఎక్కువ ఖరీదైనది. లేత గడ్డని పచ్చిగానైనా వంటలో వాడుకోవచ్చు. విచ్చుకున్న గడ్డని మాత్రం దాచలేం, మళ్లీ లోపలికి మూయలేం.

ఎందుకిలా జరుగుతుందో ఒక్క ముక్కలో: వెల్లుల్లి ఆకు మనకి కనిపించే చోట ఆగిపోదు. దాని అడుగు భాగం గొట్టంలా కిందికి సాగి గడ్డ చుట్టూ ఒక పొరగా చుట్టుకుని ఉంటుంది. పైన ఒక పచ్చటి ఆకు ఉందంటే కింద ఒక గట్టి పొర ఉన్నట్టు. ఆకు పూర్తిగా ఎండితే ఆ పొర కూడా చనిపోయి తడి మట్టిలో పాడవడం మొదలవుతుంది. అందుకే ఉల్లి లాగా ఆకులన్నీ ఎండి పడిపోయేదాకా వెల్లుల్లిని ఉంచకూడదు.

కావలసినవి

- చిన్న బొరిగె లేదా చేతి తవ్వుగోల. మట్టి గట్టిదైతే గునపం, లేదా పళ్లున్న గార్డెన్ ఫోర్క్
- పదునైన కత్తి, కత్తెర
- పురికొస లేదా నూలుదారం
- గాలి ఆడే అడుగున్న ట్రే, జల్లెడ, వైరు మెష్, నులక మంచం, వీటిలో ఏదో ఒకటి
- వంటింటి తూకం మిషను (తప్పనిసరి కాదు, ఉంటే అనుమానాలన్నీ తీరుస్తుంది)
- రకం పేరు, నాటిన తేదీ రాసిన చీటీలు

1. తేదీ రాసుకోండి, దాన్ని నమ్ముకోకండి

తీవ్రమైన చలి ఉండే ప్రాంతాల్లో శీతాకాలానికి ముందు నాటిన వెల్లుల్లి 8 నుంచి 9 నెలలకి తవ్వకానికి వస్తుంది. చలికాలం తేలిగ్గా ఉండే చోట్ల 4 నుంచి 5 నెలలే పడుతుంది. అదే రకం, అదే మడి అయినా ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ రెండు మూడు వారాల తేడా మామూలే. త్వరగా వేడెక్కిన ఏడాది త్వరగా వస్తుంది. కాబట్టి తేదీ వల్ల ఒకటే లాభం: ఎప్పటినుంచి మొక్కల మీద కన్నేసి ఉంచాలో తెలుస్తుంది. అనుకున్న రోజుకి నెల ముందు నుంచీ వారానికోసారి, కింది ఆకులు ఎండడం మొదలయ్యాక మూడు రోజులకోసారి చూడండి.

2. మీది ఏ రకమో తేల్చుకోండి

పంట చివర్లో నడిమధ్యనుంచి గుండ్రటి, గట్టి పూకాడ వస్తే అది హార్డ్‌నెక్ రకం. పూకాడ లేకుండా ఆకులే ఒకదాన్నొకటి చుట్టుకుని మెత్తటి కాడగా ఉంటే సాఫ్ట్‌నెక్. ఏదో తెలియకపోతే గడ్డ కోసినప్పుడు చూడొచ్చు. నడుమ చెక్కలాంటి కాడ, దాని చుట్టూ ఒకే వరసలో రెబ్బలు ఉంటే హార్డ్‌నెక్. రెండు మూడు వరసల్లో, లోపలికి పోయేకొద్దీ సన్నటి రెబ్బలుంటే సాఫ్ట్‌నెక్.

సాఫ్ట్‌నెక్ మొక్కకి నీళ్ల కొరతో ఎండ దెబ్బో తగిలితే కాడ మధ్యలో ఉబ్బి, అక్కడ చిన్న చిన్న రెబ్బలు కనిపిస్తాయి. తెగులేమో అని కంగారు పడకండి. అవీ తినదగినవే.

3. పూకాడ ఉంటే తీసేయండి, ఒకటి రెండు మాత్రం వదిలేయండి

పూకాడ పైకొచ్చి ఒక పూర్తి చుట్టు తిరగ్గానే ఆకుల దగ్గరికి కత్తిరించేయాలి. వదిలేస్తే మొక్క బలం అంతా పైకి పోతుంది, గడ్డ సైజు తగ్గుతుంది. లేత పూకాడ వేపుళ్లలోకి బాగుంటుంది కూడా. కత్తిరించిన రోజు రాసి పెట్టుకోండి. అక్కడి నుంచి దాదాపు 3 నుంచి 4 వారాలకి గడ్డ సిద్ధమవుతుంది. వేడి ఎక్కువైతే ఇంకా ముందే.

మడిలో ఒకటి రెండు మొక్కలకి పూకాడ కత్తిరించకుండా ఉంచండి. చుట్టు తిరిగిన కాడ మళ్లీ మెల్లగా విప్పుకుని నిటారుగా నిలబడడం మొదలుపెట్టిందంటే గడ్డలు ముదురుతున్నాయని గుర్తు. ఇది ఒక్కటే చూసి తవ్వకండి. ఆకుల లెక్కతో కలిపి చూసుకోండి.

4. ఆకులు లెక్కపెట్టండి

అసలు పని ఇక్కడుంది. మొక్క పక్కన కూర్చుని కిందినుంచి పైకి ఒక్కో ఆకునీ చూడండి. ఆకులు ఎడమకొకటి, కుడికొకటిగా వస్తాయి కాబట్టి లెక్క తప్పదు.

పచ్చ ఆకు అని దేన్ని లెక్కించాలి? చాలామంది ఇక్కడే పొరపడతారు. కొస ఎండి, మధ్యలో పసుపు తిరిగి, కాడని అంటుకుని ఉన్న మొదలు మాత్రం పచ్చగా ఉందనుకోండి. అది ఇంకా బతికున్న ఆకే, దాని కింది పొర కూడా బాగానే ఉంటుంది. కాడ దగ్గరకంటా గోధుమరంగు తిరిగి, వేళ్లతో నలిపితే గరగరలాడే ఆకునే ఎండినదిగా లెక్కించాలి. మొక్క చిన్నప్పుడు వచ్చిన ఒకటి రెండు బుల్లి ఆకులు ఈపాటికి రాలిపోయి ఉంటాయి. వాటి ఊసు వద్దు.

ఆరోగ్యంగా పెరిగిన మొక్కకి సాధారణంగా 8 నుంచి 12 ఆకులుంటాయి. పచ్చగా మిగిలినవి ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి నిర్ణయం ఇలా:

- 7 లేదా అంతకంటే ఎక్కువ పచ్చగా ఉంటే: ఆగండి. గడ్డ ఇంకా ఊరుతోంది.
- 5 లేదా 6 ఉంటే: ఒక గడ్డ తవ్వి కోసి చూడండి (7వ అంచె). ఎక్కువసార్లు ఇదే సరైన సమయం.
- 4 ఉంటే: ఇంక చూసేదేం లేదు, తవ్వండి.
- 3 అంతకు తక్కువ ఉంటే: ఈరోజే తవ్వండి, ఆ గడ్డల్ని నిల్వకి పెట్టకుండా ముందుగా వాడేయండి.

మొత్తం ఆకులే 6 లేదా 7 ఉన్న బక్క మొక్కకి ఈ అంకెలు సరిపోవు. దానికి కిందినుంచి మూడోవంతు నుంచి సగం దాకా ఆకులు ఎండినప్పుడు కోసి చూడండి.

5 పచ్చ ఆకులే ఎందుకంటే, తవ్వేటప్పుడు మట్టితో ఒక పొర పోతుంది, ఆరాక శుభ్రం చేసేటప్పుడు ఇంకొకటి పోతుంది. మూడు పొరలైనా మిగిలితేనే గడ్డ నెలల తరబడి గట్టిగా ఉంటుంది.

ఒక్క మొక్కని చూసి తేల్చకండి. మడిలో వేర్వేరు చోట్ల 5, 6 మొక్కలు లెక్కపెట్టి, ఎక్కువ మొక్కలకి ఏ అంకె వచ్చిందో దాన్ని తీసుకోండి. గట్టు పక్కనున్నవి, కుండీ అంచున ఉన్నవి ముందే ఎండుతాయి. వాటిని కొలబద్దగా పెట్టుకుంటే మిగతావి లేతగా ఉండగానే తవ్వేస్తారు.

సాఫ్ట్‌నెక్ రకానికి ఇంకో గుర్తు ఉంది. గడ్డ ఊరడం పూర్తయ్యాక లోపల్నుంచి కొత్త ఆకు రాదు, మెడ బోలుగా మెత్తగా అయి మొక్క తనంతట తనే పక్కకి వాలుతుంది. పది మొక్కల్లో రెండు మూడు వాలగానే ఆకులు లెక్కపెట్టి, కోసి చూడండి. అన్నీ వాలేదాకా ఆగితే ముందు వాలినవాటి పొరలు పోతాయి. త్వరగా ముదురుతాయని కాళ్లతో తొక్కి కాడలు వంచేవాళ్లున్నారు. అలా చేస్తే మెడ దగ్గర నలిగి, ఆ గాయంలోంచి కుళ్ళు దిగుతుంది.

5. ఆకులు ముదిరి ఎండుతున్నాయా, జబ్బుతో ఎండుతున్నాయా?

ముదిరిన మొక్కలో ఎండు కిందినుంచి పైకి, ఒక ఆకు తర్వాత ఒక ఆకుగా వస్తుంది. పై ఆకులు నిగనిగలాడుతూనే ఉంటాయి. ఈ వరస తప్పితే అనుమానించాలి.

- అన్ని ఆకుల కొసలూ ఒకేసారి మాడాయి: నీళ్ల కొరత లేదా వేడి గాలి. కుండీల్లో ఇది మామూలే. రెండు వేళ్ల లోతున మట్టి చూడండి.
- మొక్క మొత్తం పాలిపోయి పసుపు తిరిగింది: నీళ్లు నిలబడి వేళ్లు ఊపిరాడక ఉండొచ్చు, లేదా నత్రజని చాలక ఉండొచ్చు.
- ఆకుల మీద వెండి రంగు గీతలు, ఆకు మెలికలు: తామర పురుగులు.
- మధ్య ఆకుల మీద ఊదా నడుమున్న గోధుమరంగు మచ్చలు: ఊదా మచ్చ తెగులు.
- ఆకు పట్టుకోగానే మొక్క సులువుగా ఊడొచ్చింది, గడ్డ అడుగున తెల్లటి దూదిలాంటి బూజు, ఆవగింజకంటే చిన్న నల్లటి గింజలు: తెల్లకుళ్ళు. ఆ మొక్కనీ చుట్టూ ఉన్న మట్టినీ తీసి చెత్తలో పారేయండి. కంపోస్టులో వెయ్యకండి. ఆ చోట చాలా ఏళ్లపాటు వెల్లుల్లి, ఉల్లి వెయ్యకూడదు, ఆ నల్లటి గింజలు మట్టిలో అంతకాలం బతికి ఉంటాయి.

జబ్బుతో ఆకులు పోయినా పొరల లెక్క మారదు. 4 పచ్చ ఆకులే మిగిలాయంటే, కారణం ఏదైనా గడ్డ తవ్వాల్సిందే. సగానికి పైగా ఆకులు పోయిన మొక్కలో గడ్డ ఇక చెప్పుకోదగ్గంత ఊరదు.

6. నీళ్లు ఆపండి

కింది 2, 3 ఆకులు పూర్తిగా ఎండగానే నీళ్లు ఆపేయాలి. నీరు పట్టి ఉంచే నల్లమట్టి, బంకమట్టి అయితే తవ్వడానికి 10 నుంచి 14 రోజుల ముందు, ఇసుక నేలకీ కుండీలకీ 5 నుంచి 7 రోజుల ముందు ఆపితే చాలు. ఎరువు అంతకంటే చాలా ముందే, గడ్డ ఊరడం మొదలవగానే మానేసి ఉండాలి. చివర్లో నత్రజని వేస్తే ఆకులు పచ్చగా కళకళలాడతాయి గానీ గడ్డ ముదరదు. పక్కలనుంచి కొత్త పిలకలొచ్చి పొట్టుని చీల్చుకుని బయటికి వస్తాయి కూడా.

ఈలోపు వాన సూచన ఉంటే? 5, 6 పచ్చ ఆకులున్న దశలో వారం రోజుల ముసురు రాబోతోందంటే వానకి ముందే తవ్వేయడం మేలు. నాలుగు రోజులు ముందు తవ్వడం వల్ల పోయేది కాస్త బరువు మాత్రమే, తడిలో వారం నానితే పొరలే పోతాయి. వాన ఇప్పటికే పడిపోయి ఉంటే మట్టి పొడిబారేదాకా 2, 3 రోజులు ఆగండి. బురదలో తవ్విన గడ్డ శుభ్రపడదు.

7. ఒకటి తవ్వి, అడ్డంగా కోసి చూడండి

ఈ అంచెని దాటేయకండి. ఒక గడ్డ పోతుందని చూసుకుంటే మడి మొత్తం గురి తప్పుతుంది. పైగా పోయేదేమీ లేదు, కోసింది కూరలోకే వెళ్తుంది.

ముందుగా తవ్వకుండానే ఒక చూపు చూడొచ్చు. మొక్క మొదట్లో మట్టిని వేళ్లతో పక్కకి తీసి గడ్డ భుజాల్ని తడమండి. నున్నగా ఉల్లిగడ్డలా తగిలితే లేత. రెబ్బలు గట్లుగట్లుగా తగిలితే కోయడానికి సిద్ధం. మట్టి మళ్లీ కప్పేయండి.

కోయడానికి పెద్దదీ కాకుండా చిన్నదీ కాకుండా మధ్యరకం మొక్కని, మడి నడుమనుంచి తీసుకోండి. గడ్డ బాగా లావుగా ఉన్నచోట అడ్డంగా రెండు ముక్కలు చేసి, కోసిన ముఖాన్ని వెలుతురులో చూడండి.

- *అంతా తెల్లటి ముద్ద, రెబ్బల గీతలు లేవు లేదా మసగ్గా ఉన్నాయి.* ఇంకా మూడు నాలుగు వారాలు పట్టొచ్చు.
- *రెబ్బలు ఏర్పడ్డాయి. కానీ ఒక్కో రెబ్బ చుట్టూ ఉన్న పొట్టు మందంగా, నీరుగా, అంటుకుని ఉంది. పైపొరకీ రెబ్బలకీ మధ్య ఖాళీ కనిపిస్తోంది.* 7 నుంచి 10 రోజులు ఆగండి. 5వ రోజున ఇంకోటి కోయండి.
- *రెబ్బలు బొద్దుగా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పైపొర నిండా ఉన్నాయి. రెబ్బ పొట్టు పలచబడి, గోటితో లాగితే ఒక్క ముక్కగా వస్తోంది. హార్డ్‌నెక్ అయితే నడి కాడకీ రెబ్బలకీ మధ్య సన్నటి సందు మొదలైంది.* ఇదే సమయం. నేల పొడిగా ఉంటే రేపు పొద్దున తవ్వండి.
- *రెబ్బలు కాడనుంచి దూరంగా విచ్చుకున్నాయి, పైపొర చిరిగింది, ఒకటి రెండు పొరలే మిగిలాయి.* ఆలస్యమైంది. ఈరోజే అన్నీ తవ్వండి.

ఒకే మడిలో రెండు మూడు రకాలు వేసి ఉంటే ఒక్కో రకానికీ వేరుగా కోసి చూడాలి. ఒక రకం తయారైందని పక్క వరస తవ్వితే అక్కడ ముద్దలే దొరుకుతాయి.

8. పీకకండి, తవ్వండి

పొడి వాతావరణం ఉన్న రోజు, పొద్దున్నే మొదలుపెట్టండి. మొక్కకి 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో బొరిగెనో గునపాన్నో నిలువుగా దింపి, గడ్డ కిందికి పోయాక వెనక్కి వంచి మట్టిని పైకి లేపాలి. మట్టి వదులయ్యాక మాత్రమే కాడ పట్టుకుని ఎత్తండి. బిగువుగా ఉన్న గడ్డని కాడ పట్టి లాగితే మెడ దగ్గర తెగుతుంది, లేదా వేళ్లు పుట్టే అడుగు బిళ్ల ఊడొస్తుంది. రెండూ కుళ్ళుకి దారులే.

నీళ్లు ఆపడం వల్ల నేల రాయిలా బిగుసుకుపోతే, రెండు రోజుల ముందు వరసల మధ్యలో మాత్రం కొద్దిగా నీళ్లు చల్లి, బురద కాకుండా మెత్తబడ్డాక తవ్వండి. కుండీ అయితే పక్కకి పడుకోబెట్టి మట్టిని దొర్లించడమే సులువు.

గడ్డకి అంటిన మట్టిని చేత్తో మెల్లగా రాల్చండి. ఒకదానికొకటి కొట్టి దులపకండి. దెబ్బ పైకి కనిపించదు, రెండు వారాల తర్వాత ఆ రెబ్బ పసుపు తిరిగి మెత్తబడినప్పుడే తెలుస్తుంది. కడగడం అసలు వద్దు. బొరిగె తగిలి గాటు పడినవాటిని విడిగా పెట్టి వారంలోపు వాడేయండి. పాడవకుండా ఉంటాయని వాటిని నూనెలో వేసి బయట ఉంచకండి. గాలి తగలని నూనెలో పచ్చి వెల్లుల్లి మామూలు గది వేడికి ఉంటే బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం తయారయ్యే ప్రమాదం ఉంది. వాసన వల్లగానీ రుచి వల్లగానీ అది తెలియదు.

తవ్వినవాటిని అక్కడే ఎండలో పరిచి ఉంచకుండా వెంటవెంటనే నీడకి చేర్చండి. మండుటెండ తగిలిన రెబ్బలు ఉడికినట్టయి, నిల్వలో తేనెరంగు తిరిగి మైనంలా జిగురుగా తయారవుతాయి.

9. ఎండబెట్టకండి, నీడన ఆరబెట్టండి

ఆకులు, వేళ్లు అలాగే ఉంచి 6 నుంచి 8 మొక్కల్ని ఒక కట్టగా కట్టి వేలాడదీయండి. లేదా మెష్ మీద ఒకే వరసగా, గడ్డకీ గడ్డకీ మధ్య వేలెడు సందు వదిలి పరచండి. ఎండ పడకూడదు, వాన జల్లు తగలకూడదు, గాలి మాత్రం ధారాళంగా ఆడాలి. 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వేడి సరిపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఫ్యాన్ పెట్టండి. మూసేసిన గది, ప్లాస్టిక్ పట్టా, కుప్ప, ఈ మూడింట్లో ఏదైనా బూజుని పిలిచినట్టే.

చోటు తక్కువుంటే ఆకుల్ని గడ్డకి 10 నుంచి 15 సెంటీమీటర్ల పైన కత్తిరించి ఆరబెట్టొచ్చు. గడ్డకి దగ్గరగా మాత్రం ఇప్పుడే కొయ్యకండి. మెడ పచ్చిగా ఉండగా కోస్తే తడి అక్కడ ఆగిపోతుంది.

పూర్తిగా ఆరడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. మూడు రోజులకోసారి కట్టల మధ్యకి చెయ్యి పోనిచ్చి చూడండి. చెమ్మగా తగిలినా, పుల్లటి వాసన వచ్చినా కట్ట విప్పి విడివిడిగా పరచండి.

10. ఆరిందో లేదో పరీక్షించండి

- ఒక గడ్డ కాడని 2, 3 సెంటీమీటర్ల ఎత్తున కోయండి. కోసినచోట పచ్చదనంగానీ చెమ్మగానీ కనిపిస్తే ఇంకో వారం.
- వేళ్లని నలిపితే పుటుక్కున విరగాలి, సాగకూడదు.
- పైపొట్టు కాగితంలా గరగరలాడాలి.
- తూకం ఉంటే ఒక కట్టని గుర్తు పెట్టుకుని మూడు రోజులకోసారి తూచండి. వరసగా రెండు తూకాల్లో బరువు తగ్గకపోతే ఆరినట్టే. కంటికి ఆరినట్టు కనిపించి లోపల తడిగా ఉన్న గడ్డని పట్టిచ్చేది ఇదొక్కటే.

ఆరాక వేళ్లని అర సెంటీమీటరు వదిలి, కాడని 2, 3 సెంటీమీటర్లు వదిలి కత్తిరించండి. మట్టి పట్టిన ఒక్క పైపొరని మాత్రమే తీసేయండి. తెల్లగా మెరవాలని పొర మీద పొర ఒలిస్తే ఆకులు లెక్కపెట్టి కాపాడుకున్నది చేతులారా పారేసినట్టే. సాఫ్ట్‌నెక్ అయితే కత్తిరించకుండా కాడల్ని జడలా అల్లి వేలాడదీసుకోవచ్చు. మరీ పెళుసెక్కక ముందే, ఆకులో కాస్త మెత్తదనం ఉండగానే అల్లాలి.

లెక్క కుదరని సందర్భాలు

*ఆకులు ఎండిపోయాయి, గడ్డ మాత్రం గోళీకాయంతే ఉంది.* ఆలస్యంగా నాటడం, మొక్కలు మరీ దగ్గరగా ఉండడం, గడ్డ ఊరే వేళకి వేడి ముంచుకురావడం, నీళ్లు చాలకపోవడం, వీటిలో ఏదో ఒకటి కారణం. ఇంకా ఉంచితే పెరుగుతుందేమో అనిపిస్తుంది. ఆకు లేకుండా గడ్డ పెరగదు, తవ్వేయండి.

*రోజులు దాటిపోయాయి, ఆకులన్నీ పచ్చగానే ఉన్నాయి.* నత్రజని ఎక్కువైనా, నీడ ఎక్కువైనా, మొక్కకి కావలసినంత చలి తగలకపోయినా ఇలాగే అవుతుంది. నీళ్లు తగ్గించి, 10 రోజులకోసారి ఒకటి కోసి చూడండి. బాగా వేడెక్కాక కూడా రెబ్బల గీతలు కనిపించకపోతే ఇక కనిపించవు. పచ్చి వెల్లుల్లిగా ఆకులతో సహా వాడుకోండి.

*కోస్తే ఒకటే గుండ్రటి రెబ్బ, పైపొట్టు మాత్రం పలచగా ఎండి ఉంది.* ఇది లేత గడ్డ కాదు. మరీ చిన్న రెబ్బని నాటినా, చలి చాలకపోయినా గడ్డ విడిపోకుండా ఒకే ముద్దగా ముదురుతుంది. పొట్టు మందంగా తడిగా ఉంటే లేత, పలచగా ఉంటే ముదిరింది, అదే తేడా. ఈ ఒంటిరెబ్బని తినొచ్చు, మళ్లీ నాటితే వచ్చే పంటలో రెబ్బలున్న గడ్డగా మారే అవకాశం ఎక్కువ.

*మట్టిలోనే గడ్డ పైకి తేలి కనిపిస్తోంది.* పైపైన నాటడం వల్ల. ఎండ తగిలి పచ్చబడకుండా మట్టి ఎగదోయండి, మిగతా లెక్క మామూలే.

నిల్వ, విత్తనం

గట్టిగా, బిగువుగా, పొట్టు చిరగకుండా ఉన్న పెద్ద గడ్డల్ని మొదట పక్కకి తీయండి, అవి విత్తనానికి. నాటే రోజుదాకా వాటిని రెబ్బలుగా విడదీయకండి. మధ్యరకం నిల్వకి. చిన్నవి, చిరిగినవి, విచ్చుకున్నవి వంటింట్లోకి.

వలసంచి, వెదురుబుట్ట, చిల్లులున్న డబ్బా, ఏదైనా గాలి ఆడేదైతే చాలు. ఎండ పడని పొడి చోట పెట్టండి. ఫ్రిజ్‌లో గడ్డలుగా పెట్టకండి. ఆ చలికి మొక్క నిద్ర లేస్తుంది, బయటికి తీసిన కొద్ది రోజులకే మొలకలొస్తాయి. బంగాళదుంపల పక్కన కూడా వద్దు, వాటి తేమ దీనికి చెరుపు. బాగా ఆరిన హార్డ్‌నెక్ 3 నుంచి 6 నెలలు, సాఫ్ట్‌నెక్ 6 నుంచి 9 నెలలు నిలుస్తాయి.

పదిహేను రోజులకోసారి ఒక్కో గడ్డనీ బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే తిరిగి సంచిలోకి. ఒక పక్క లొత్త పడినా, తేలిక అనిపించినా దాన్ని ఆరోజు వంటలోకి తీయండి. బూజు కనిపిస్తే పారేసి, దానికి ఆనుకుని ఉన్న నాలుగైదు గడ్డల్ని కూడా విడిగా పెట్టి వారం గమనించండి.